దాదికి పాలు లేని సంగతి

ఆరో ఎపిసోడ్ అయిపోగానే మునిలక్ష్మి దీప చేతిలోని ఫోను లాక్కుని, ఆకు తరిగే చెక్క మీద బోర్లా పెట్టింది.

“అయ్యో అక్కా, పలిగిపోతాది,” అంది దీప.

“పలగనీ. ఎవురు రాసినారు దీన్ని?”

“నేను రాసినానా? నా మింద యాల పడతావు?”

“ఎవురో ఒకరు రాసే ఉంటారు గదా. కడాన పేర్లు పోతానే ఉంటాయి, సీమలు పారినట్ల. అంత మందిలో ఒక్కరికన్నా ముందర తీసింది గ్యాపకం రాలేదా?”

గోడకు ఆనుకుని కూర్చున్న మిగతా ఇద్దరు ఆడవాళ్ళూ నవ్వారు. మునిలక్ష్మి నవ్వలేదు. పక్కనున్న గోనెసంచి మీదికి జరిగి, చెంగుతో మెడ తుడుచుకుంది.

ఆ గది గురుమూర్తిది. పుంగనూరు దాటి మదనపల్లె రోడ్డులో రెండు కిలోమీటర్లు పోతే ఎడమ పక్క కనిపిస్తుంది. పట్టుపురుగుల గుడ్లు తెచ్చి, పిల్ల పురుగులను పది రోజులు పెంచి, ఆ తర్వాత రైతులకు అప్పగించే ఇలాంటి చోటును చాకీ కేంద్రం అంటారు. లేత మల్బరీ ఆకును సన్నగా తరిగి ట్రేలలో చల్లడం, పైన మైనపు కాగితం కప్పడం, గది వెచ్చగా, తేమగా ఉండేట్టు చూడడం అక్కడి పని. పురుగుకు వాసనలు పడవు కాబట్టి పనికి వచ్చేవాళ్ళు పూలు పెట్టుకోరు, పౌడరు రాసుకోరు. మునిలక్ష్మికి నలభై ఏడేళ్ళు. పద్నాలుగేళ్ళుగా అక్కడ చేస్తోంది. ఆమె చేతి పురుగంటే గంగవరం రైతులు ట్రేలో తొంగి చూడకుండా తీసుకుపోతారు.

ఆ పది రోజుల్లో పురుగు రెండుసార్లు కుబుసం విడుస్తుంది. దాన్ని జ్వరం అంటారు. జ్వరానికి కూర్చున్న పురుగు తల పైకెత్తి, కదలకుండా, దాదాపు ఒక రోజు అట్లాగే ఉంటుంది. అప్పుడు ఆకు వేయకూడదు. పొద్దున సున్నప్పొడి చల్లితే మర్నాటి దాకా పని లేదు. అట్లాగని గది వదిలి పోయేందుకూ లేదు. రెండేళ్ళ కిందట ఆ ఖాళీలోకి దీప తన ఫోనులో ‘ఏడు వాకిళ్ళు’ సీరీస్ తెచ్చింది.

ఏదో పరదేశంలో తీసి తెలుగు మాటలు పెట్టిన కథ అది. రాజులు, రెక్కల గుర్రాలు, ఒక్కో వాకిలికి ఒక్కో శాపం. వాటిని మునిలక్ష్మి పెద్దగా పట్టించుకోలేదు. ఆమె చూసింది నేరాను. నేరా రాణివాసంలో దాది. శత్రువులు కోటను తగలబెట్టిన రోజున, తల్లి చచ్చిపోయిన ఇరవై రోజుల బిడ్డను ఎత్తుకుని ఉప్పు ఎడారి దాటుతుంది. ఒక ఎపిసోడ్ మొత్తం పాల కోసం తిరగడమే. గొర్రెల కాపరుల గుడారాల ముందు నిలబడి, బిడ్డను చూపించి, గిన్నె చాపుతుంది. చివరి ఎపిసోడ్‌లో, పెరిగి కిరీటం పెట్టుకున్న ఆ పిల్ల, “నీకేమీ కాని నన్ను ఎందుకు మోశావు?” అని అడుగుతుంది. “ఏడుస్తున్నావు కదా,” అంటుంది నేరా. ఆ రోజు ఆ మాట విని మునిలక్ష్మి లేచి పోయి ముఖం కడుక్కుని వచ్చింది.

ఈ ఏడాది దానికి ముందు జరిగిన కథంటూ ‘తొలి వాకిలి’ వచ్చింది. మొదటి ఎపిసోడ్ నుంచీ మునిలక్ష్మికి అది నచ్చలేదు. పాత కథలో కోట కాపలావాడు కుంటివాడు. కుంటుతూ వచ్చేవాడు, కుంటుతూ పోయేవాడు. కొత్తదాంట్లో వాడి కాలు ఎట్లా విరిగిందో ఒక ఎపిసోడంతా చూపించారు. “వాడు కుంటోడంటే మనం నమ్మలేదా? ఎట్ల విరిగిందని మనం అడిగినామా?” అని ఆమె ఆ రోజే గొణిగింది. అయినా నేరా వస్తుందని ఓర్చుకుంది.

ఆరో ఎపిసోడ్‌లో నేరా వచ్చింది. రాజుకూ ఆమెకూ చాటుమాటు స్నేహం. ఐదు నెలలు కోటలో కనిపించకుండా పోయి ఎక్కడో బిడ్డను కంటుంది. రాణికి పుట్టింది చచ్చిన బిడ్డ. ఎవరికీ తెలియకుండా బిడ్డల్ని మారుస్తారు. అంటే, ఉప్పు ఎడారిలో నేరా మోసింది తన కడుపున పుట్టినదాన్నే.

“బాగుంది గదక్కా,” అంది దీప, ఫోను తీసుకుని తుడుచుకుంటూ. “ఊరికే ఎవురు మోస్తారు అంత దూరం? సొంత బిడ్డ గాబట్టి మోసింది.”

“సొంత బిడ్డయితే గుడారాల ముందర గిన్నె యాల పట్టింది?”

“అంటే?”

“పాలుండాల గదే ఆమెకు! ఇరవై దినాల బాలింత. పాలు లేకనే గదా ఆ తిరుగుడంతా తిరిగింది.”

“ఇంకిపోయింటాయి.”

“ఇంకిపోతే ఇంకిపోయినాయని ఒక మాట సెప్పచ్చు గదా. సెప్పలేదు. మరిసిపోయినారు. రాసినోళ్ళు ముందరిది సూడనే లేదు.”

“రెక్కల గుర్రాన్ని నమ్మినావు, పాల కాడ కొట్లాడతాండావు.”

“గుర్రానికి మొదట్నుంచీ రెక్కలుండాయి. మద్దెలో మొలిపించలేదు.”

మిగతా ఇద్దరూ మళ్ళీ నవ్వారు. దీప కూడా నవ్వింది. మునిలక్ష్మి లేచి ట్రేల దగ్గరికి పోయింది. పురుగులన్నీ తలలెత్తి నిలిచి ఉన్నాయి. చేయడానికేమీ లేక సున్నప్పొడి డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది.

మునిలక్ష్మి అక్క మాధవిని కుప్పంలో ఇచ్చారు. బావ శివకుమార్ అక్కడ గ్రానైటు పాలిషింగు పనిలో ఉన్నాడు. కుసుమ పుట్టిన ఏడో నెలలో, వారం రోజుల జ్వరంతో మాధవి చనిపోయింది. మునిలక్ష్మికి అప్పుడు ఇరవై ఐదేళ్ళు. పిల్ల ఉంది కాబట్టి అక్క స్థానంలోకి చెల్లెలు పోవాలని పెద్దలు మాట్లాడారు. ఆమె ఒప్పుకోలేదు. శివకుమార్ ఏడాది తిరక్కుండానే ఇంకొకామెను చేసుకున్నాడు. కుసుమ పుంగనూరులో మునిలక్ష్మి దగ్గరే పెరిగింది. పిల్లకు మాటలు వచ్చినప్పుడు ‘అమ్మా’ అని పిలిస్తే, మునిలక్ష్మి గోడ మీది మాధవి ఫోటో చూపించి, “అమ్మ ఆమె, నేను చిన్నమ్మ,” అని దిద్దింది. ఇప్పుడు కుసుమ మదనపల్లెలో నర్సింగు ఆఖరి సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో ఉంటుంది. ఆమె కూడా ఈ సీరీసే చూస్తుంది. దాని మీద ఇద్దరూ సాయంత్రాలు ఫోనులో మాట్లాడుకుంటారు.

‘ఏడు వాకిళ్ళు’ ముగిసిన వారంలో కుసుమ నవ్వుతూ అడిగింది: “చిన్నమ్మా, నువ్వెందుకు నన్ను పెంచుకుంటివి?” పిల్ల అంతవరకూ ఆ మాట అడగలేదు. మునిలక్ష్మికి నేరా మాటే నోటికొచ్చింది. “ఏడుస్తా ఉంటివి గదా,” అనేసింది. అవతల కుసుమ ముక్కు చీదింది. హాస్టల్లో స్నేహితులకు కూడా చెప్పుకుందట.

ఆరో ఎపిసోడ్ చూసిన సాయంత్రం కుసుమే ఫోను చేసింది.

“ఆరోది సూసినావా చిన్నమ్మా?”

“సూసినా. పాడు చేసి పెట్టినారు.”

“నాకు బాగుండింది.”

“ఏం బాగు? పాల సంగతి సూసినావా, పాలు...”

“కొందరికి పాలు పడవు చిన్నమ్మా. మాకు పాఠముండాది దాని మింద.”

మునిలక్ష్మి దగ్గర ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. అవతల కుసుమ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. పక్కన ఎవరో ఉన్నారు కాబోలు.

“అంటే నేరా చెప్పింది అబద్దమే గదా. ఏడుస్తాండావని ఎత్తుకుంటి అనింది. కన్నది గాబట్టి ఎత్తుకునింది.”

“ఆమె చెప్పిన పొద్దు అది నిజమే. ఇప్పుడొచ్చి వీళ్ళు అబద్దం చేసినారు.”

“నువ్వూ నాతో అదే మాట చెప్పినావు.”

మునిలక్ష్మి ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

“నేను పుట్టకముందు నువ్వు కుప్పంలో ఐదు నెలలుండావంట. అవ్వ ఒకసారి చెప్పింది.”

“మీయమ్మకు నీళ్ళు కూడా ఇమడలేదు. వండిపెట్టేదానికి పోయినా.”

“నేరా కూడా ఐదు నెలలే.”

“కుసుమా! అది కత.”

“నువ్వు పెండ్లి చేసుకోలేదు. నాయన్ను చేసుకోమంటే వద్దన్నావు, నన్ను మాత్రం తెచ్చుకున్నావు. ఎవురైనా ఊరికే తెచ్చుకుంటారా? నేను తప్పు పట్టను చిన్నమ్మా. నువ్వే కనింటే నాకు ఇంకా సంతోసం. ఒక్కసారి చెప్పు, చాలు.”

“నేను కనలేదు.”

“సరే, ఆదివారం కుప్పం పోతా. నాయన్నే అడుగుతా.”

మునిలక్ష్మి కంగారు పడింది ఆ చివరి మాటకు. కన్నది మాధవేనని శివకుమార్ చెబుతాడు, అందులో భయం లేదు. అక్కడితో ఆగడు. ఇరవై రెండేళ్ళుగా అతను బంధువుల్లో ఒక మాట చెప్పి నవ్విస్తూ ఉంటాడు: “మా మరదలు మిషనుకొచ్చి పిల్లనెత్తుకపోయింది.” అది నిజం. ఆ రోజు ఆమె కుప్పం పోయింది పిల్ల కోసం కాదు, అక్క కుట్టుమిషను కోసం. పిల్ల ఏడవలేదు కూడా. ఉయ్యాల్లో నిద్రపోతోంది. కుసుమ ముందు ఆ మాట రాకుండా మునిలక్ష్మి ఇన్నాళ్ళూ కాపాడుకుంటూ వచ్చింది. నేరా నోటి మాట దొరికాక ఇంక ఆ అవసరం కూడా తీరిపోయిందనుకుంది. దాన్ని కాస్తా ఎవరో రాసేవాళ్ళు వచ్చి అబద్ధం చేసి పోయారు.

మర్నాడు పొద్దున ఆమె తొందరగా పనికి వచ్చింది. మైనపు కాగితం ఎత్తి చూసింది. మొదటి నాలుగు ట్రేలలో పురుగులు జ్వరం లేచి పాకుతున్నాయి. మిగతావి చూడకుండానే ఆకు తరగడం మొదలుపెట్టింది. కత్తి చప్పుడు ఎక్కువగా ఉందని దీప అన్నా వినలేదు. గంటలో అన్ని ట్రేలకూ ఆకు చల్లేసింది.

అన్నీ లేవకముందే ఆకు వేస్తే లేచినవి తిని పెరుగుతాయి, లేవనివి ఆకు కింద పడి సన్నబడిపోతాయి. పనిలో చేరిన మొదటి రోజున ఎవరికైనా చెప్పే మాట ఇదే. చెప్పేది మునిలక్ష్మే.

గురుమూర్తి వచ్చి ఆరో ట్రే దగ్గర ఆగాడు. వేలితో ఆకు పక్కకు తోసి చూశాడు.

“ఎవురేసినారమ్మా ఇది?”

“నేనే అప్పా.”

ఆయన నమ్మలేదు. దీప వైపు చూశాడు. దీప తల దించుకుంది.

“మూడో వంతు ఇంకా తలెత్తుకోనే ఉండాయి. రేపు పురుగుకొచ్చే గంగవరం వెంకటమునికి ఏం చెప్పాల? ఒకటి గింజంత, ఒకటి గోరంత ఇస్తే ఆయన మొగాన్నే కొడతాడు. ఇదంతా ఆ ఫోను పెట్టిన పీడ. రేపట్నించి గదిలో ఫోను కనపడకూడదు.”

“ఫోను కాదు అప్పా. నాదే తప్పు,” అంది మునిలక్ష్మి.

ఆయన వెళ్ళాక మునిలక్ష్మీ దీపా కూర్చుని, లేచిన పురుగునూ లేవనిదాన్నీ వేరు చేయసాగారు. ఈకతో ఒక్కొక్క ఆకు ముక్కను ఎత్తి పక్క ట్రేలో వేయాలి. మధ్యాహ్నం దాటినా పని తెమలలేదు. అప్పుడు మునిలక్ష్మి కుసుమ సంగతంతా చెప్పింది, మిషను మాట తప్ప.

దీప ఈక దించకుండానే అంది: “ఔననేయక్కా. ఎవురికి నష్టం? పిల్ల సంతోసపడతాది. ఆ శివకుమార్ మాట ఎవురు నమ్ముతారు?”

“మాధవికి నష్టం.”

“ఆమె లేదు గదా.”

“అందుకే. నోరున్నోళ్ళం మనం. ఆమె తొమ్మిది నెలలు మోసింది. గంజి తాగితే గంజి, నీళ్ళు తాగితే నీళ్ళు కక్కుకునింది. నేను సూసినా. ఇప్పుడు ఆమె కనిందే లేదని చెప్పేదా? ఆ రాణిని ఏం చేసినారు సూసినావా వీళ్ళు? నేరాకు కారణం కావాలని ఆమె బిడ్డను చంపేసినారు.”

దీప ఈక పక్కన పెట్టింది. “నువ్వు మరీ లోతుకు పోతాండావక్కా,” అంది.

శనివారం వెంకటముని వచ్చి పురుగు తీసుకుపోయాడు. ఈసారి ట్రేలన్నీ తొంగి చూశాడు. గురుమూర్తి ఏదో సర్దిచెప్పాడు. మునిలక్ష్మి అటు పోలేదు.

ఆదివారం పొద్దున ఏడున్నరకే ఆమె పుంగనూరు బస్టాండుకు వచ్చింది. మదనపల్లె బస్సు దిగిన కుసుమ ఆమెను చూసి నిలబడిపోయింది. భుజాన చిన్న బ్యాగు, చేతిలో నీళ్ళ సీసా.

“నన్ను ఆపేదానికి వచ్చినావా?”

“ఆపను. నువ్వు కుప్పానికి ఎక్కాల్సిన పలమనేరు బస్సు ఇంకా నిండలేదు. కూసో, ఒక మాట చెప్తా.”

“నువ్వు కనలేదని మళ్ళా చెప్పొద్దు. వినింది చాలు.”

“అది కాదు. ఏడుస్తాంటివని చెప్పినానే, అది అబద్దం.”

కుసుమ సిమెంటు బల్ల మీద కూర్చుంది. మునిలక్ష్మి పక్కన కూర్చోలేదు. ఎదురుగా నిలబడే చెప్పింది, బస్సు వైపు చూస్తూ.

“మీయమ్మ దినాలయినాక నిన్ను మీ నాయనింట్లో మీ జేజి కాడ ఇడిసిపెట్టి నేను ఇంటికొచ్చేస్తి. పదకొండు దినాలు నీ ఊసే ఎత్తలేదు. మీయమ్మకు పెండ్లిలో మా అమ్మ ఇచ్చిన కుట్టుమిషను ఆడ ఉండె. నాకు కుట్టు పని వచ్చు. అది తెచ్చుకుంటే బతుకు తెరువని కుప్పం పోతి.”

“మిషను కోసం?”

“మిషను కోసమే. మీ నాయన పనికి పోయినాడు. మీ జేజి, ‘పిల్లను రవ్వంత సూస్తా ఉండు, నీళ్ళకు పోయొస్తా’ అని బిందె తీసుకోనిపాయ. కొళాయి కాడ ఏం కొట్లాటో, ఎంతసేపటికీ రాలేదు. నేను మిషను తల ఊడదీసి గోనెలో కట్టి పెట్టినా. బస్సు టైమయింది. అది పోతే మళ్ళా సాయంత్రమే.”

“నేను?”

“నిద్రపోతా ఉంటివి.”

“ఏడవలేదా?”

“లేదు. నిన్ను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోలేను. మిషనూ నిన్నూ రెండూ మోయలేను. సరే, మిషనైతే ఇంకోసారి తెచ్చుకోవచ్చు, పిల్లను ఈ పొద్దు తీసుకోనిపోయి రేపు తెచ్చి దింపుదామని పక్కింటామెకు చెప్పి బస్సెక్కినా.”

“రేపు దింపుదామనా?”

“ఔను. మర్నాడు నీకు విరేచనాలు పట్టుకున్యాయి. తగ్గినాక దింపుదామనుకుంటి. తగ్గినాక మా అమ్మ తిరపతి పోవల్సొచ్చె. మీ నాయన వచ్చి అడుగుతాడనుకుంటి. అడగలేదు. ఇంతే. ఇంకేం లేదు.”

కుసుమ నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది. ఆమె ముఖం ఎర్రబడింది. “ఇదేం కత చిన్నమ్మా,” అంది చివరికి. గొంతులో కోపం ఉంది. “నేను హాస్టలంతా చెప్పుకుంటి. నువ్వు ఏడుపు విని ఎత్తుకున్యావని.”

“తెలుసు.”

“కన్నానని చెప్పినా బాగుండు. ఏడుస్తాంటే ఎత్తుకున్యానని చెప్పినా బాగుండు. మిషను మోయలేక!”

“మీ నాయన ఇట్లనే చెప్తాడు, ఇంకా నవ్వుకుంటా చెప్తాడు. నా నోటితో వింటే మేలని చెప్తి.”

“మళ్ళా యాల తెచ్చుకోలేదు మిషను?”

“ఒకసారి పోయినా. మీ నాయన చేసుకున్నామె దాని మింద కుట్టుకుంటా ఉండె. ఏమని అడిగేది?”

పలమనేరు బస్సు కండక్టరు రెండుసార్లు కేక వేశాడు. బస్సు కదిలి, గేటు దగ్గర ఒకామెను ఎక్కించుకుని, మలుపు తిరిగింది. కుసుమ లేవలేదు. మునిలక్ష్మికి కాళ్ళు లాగుతున్నాయి. బల్ల చివర కూర్చుంది.

కుసుమ ఇంకా ఆమె వైపు చూడలేదు. కాసేపటికి, కేసు షీటు రాసేటప్పుడు అడిగినట్టు అడిగింది:

“ఆ పొద్దు బస్సులో సీటు దొరికిందా?”

“యాడ దొరుకుతాది? కుప్పం సంత దినం. నిన్ను భుజాన ఏసుకుని, పైన కమ్మి పట్టుకుని నిలబడినా. వి.కోట దాకా నిలబడే వచ్చినా.”

“ఆడ దిగినావా?”

“లేదు. ఆడ ఒకామె లేచి సీటిచ్చింది.”

“నన్ను సూసి?”

“కాదు,” అంది మునిలక్ష్మి. “ఆమె దిగాల్సిన ఊరొచ్చింది.”